కాళ్ళు తడిసినవాళ్ళు

నమోదు 1

ఊగులంక చేరాను. పడవ దిగి ఇంటి అరుగు మీద కాలు పెట్టగానే అరుగు కిందికి దిగింది, నేను పక్కకు ఒరిగాను, నా పెట్టె నీళ్ళలో పడింది. దాన్ని పైకి తీసినావిడ పేరు నూకరత్నం. ఈ ఆర్నెల్లూ నేను ఉండబోయేది ఆవిడ ఇంట్లోనే. దిట్టమైన మనిషి. తడిసిన పెట్టెను ఒంటిచేత్తో అరుగు మీద పెట్టి, "మెట్ట నుంచి ఎవురొచ్చినా ముందు సామానుకి తానం చేయిత్తారండి. మాకలవాటే" అన్నారు.

నా పేరు సుంకులమ్మ. ఊరు అనంతపురం. విశ్వవిద్యాలయంలో రాజనీతి, సమాజశాస్త్రం చివరి ఏడు. మాకు ప్రాక్టికల్ అంటే ఏదో ఒక ఊళ్ళో ఉండి, ఆ ఊరి చేత ఒక తీర్మానం చేయించి, అది అమలయ్యేదాకా చూడటం. చేయించే పద్ధతి మన ఇష్టం. మనం మాత్రం ఏ పక్షం పట్టకూడదు. చివర్లో మా ఖతీజా మేడం వచ్చి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తారు. పాసైతే అనంతపురం జిల్లా సభలో సలహాదారు ఉద్యోగం సిద్ధంగా ఉంది. తప్పితే మరో ఏడాది ఇదే ఊళ్ళో ఇదే పని. కదలని నేల మీద మంచం వేసుకుని పడుకోవడం అనేది ఇప్పుడు నా జీవితాశయం.

మెడలో తగిలించి పంపిన ఈ పలక నేను చెప్పేదంతా రాసుకుంటుంది. పరిశీలన చెబితే ఊరుకుంటుంది, అభిప్రాయం చెబితే కీచుమని కూస్తుంది. ఇక్కడి పీతల పులుసు చాలా బాగుంది. కూసింది. దీనితో ఆర్నెల్లు వేగాలి. మళ్ళీ కూసింది.

నమోదు 3

ఈ ఊళ్ళో ఇళ్ళు నీటిమొక్కలు అల్లుకుని గట్టిపడిన బెండు మీద తేలుతుంటాయి. బెండు పెరుగుతుంది. అందుకని పొద్దున్నే లేచి, మొహం కడుక్కోకముందే, కొడవలితో ఇంటి అంచులు కోయాలి. కోయకుండా వదిలేస్తే మన బెండు పక్కింటి బెండుతో అల్లుకుపోయి రెండిళ్ళూ ఒకటైపోతాయి. నూకరత్నం గారికీ పక్కింటి బులిరాజుకీ రోజూ మొదటి గొడవ అదే.

"నీ ఇల్లు మా వంటింట్లోకొత్తంది బులిరాజూ."

"మీ పులుసు వాసనకి వత్తందొదినా, నేనేం చేసేది."

బులిరాజు చేపల వలలు అల్లుతాడు. ఆ అల్లికలో ఎంత చిన్న లోపమున్నా కనిపెడతాడు, మనుషుల్లో అయితే ఇంకా ముందే కనిపెడతాడు. నేను కోసిన అంచు చూసి, "ఎలక కొరికినట్టుందండి" అన్నాడు. అలాగే ఉంది మరి.

మధ్యాహ్నం ఊరి సభ చూశాను. ఊరి నడుమ నీళ్ళలో ఒక లావుపాటి దుంగ ఉంది. దాని మీద అడ్డంగా ఒక పొడుగాటి తెప్ప వేసి ఉంది, పిల్లలు ఎక్కి ఊగే ఉయ్యాలబల్లలాగా. దీన్ని తూకం తెప్ప అంటారు. అందరికన్నా పెద్దవాడు ఏసుపాదం తాత బూర ఊదాడు. మంచినీళ్ళ తొట్టెను బడి పక్కకు మార్చాలా వద్దా అన్నది విషయం. మార్చాలన్నవాళ్ళు తూర్పు కొసకు నడిచారు, వద్దన్నవాళ్ళు పడమటి కొసకు. నడుస్తూనే వాదించుకున్నారు. కొందరు సగం దూరం వెళ్ళి, ఎదురొచ్చినవాళ్ళ మాట విని వెనక్కి తిరిగారు. ఆఖరికి తూర్పు కొస నీళ్ళలోకి దిగింది, అక్కడున్నవాళ్ళకు చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. పడమటివాళ్ళు గాల్లోకి లేచారు. మార్చాలని తేలిపోయింది.

అంటే ఇక్కడ తలకు ఒక ఓటు కాదు. బరువు ఎటుంటే తీర్మానం అటు. నూకరత్నం గారు నాలాంటివాళ్ళు ముగ్గురికి సమానం. సన్నగా పుట్టిన పాపానికి సగం ఊరికి నోరు లేదు. ఇది ఘోరమైన అన్యాయం.

పలక కూసింది. కూస్తే కూయనీ.

మరో సంగతి. సభ అయ్యాక కాళ్ళు తడిసినవాళ్ళే వెళ్ళి తొట్టె మోశారు. పొడికాళ్ళవాళ్ళు గట్టున కూర్చుని, అటు వంచండి ఇటు ఎత్తండి అని వంకలు పెట్టారు. ఎలాగూ తడిశాం కదా అని వెళ్ళి ఉంటారు.

నమోదు 6

ఏసుపాదం తాతను ఇంటి దగ్గర పట్టుకున్నాను. ఆయన చేపలకు ఉప్పు పడుతున్నాడు.

"తాతా, మనిషికి ఒక మాట, అందరి మాటా సమానం. అదే కదా న్యాయం? మీ పద్ధతిలో ఆ తూము పక్కింటి ముసలమ్మ, పుల్ల మాదిరి ఉంటాదే, ఆమె తెప్ప మీద ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పైగా ఎవరు ఎటు నిలబడినారో ఊరంతా చూస్తాండాది. భయపడి మాట మార్చుకునేవాళ్ళు ఉండరా?"

తాత ఉప్పు చేతులు దులుపుకున్నాడు. "మరేం చేద్దామంటావమ్మా?"

చెప్పాను. మూతి కట్టిన కుండ ఒకటి, తడిక చాటున. ప్రతి మనిషికీ ఒక గవ్వ, ఒక ఆల్చిప్ప. సరేనంటే గవ్వ వేయాలి, వద్దంటే చిప్ప. ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు. లెక్కపెట్టుకుంటే తేలిపోతుంది.

"బానే ఉంది. అయితే ఈ కుండ పెట్టాలా వద్దా అన్నది తూకం తెప్ప మీద తేలాల" అన్నాడు తాత.

తేలింది. నా మీద అభిమానంతో నూకరత్నం గారు తూర్పుకు నడిచారు, ఆవిడ వెనకే వియ్యాలవారూ తోడికోడళ్ళూ నడిచారు. వాళ్ళ కాళ్ళు తడిశాయి. వాళ్ళే వెళ్ళి గవ్వలు ఏరుకొచ్చారు, కుండకు మూతి కట్టారు, తడిక అల్లారు. అడగకుండానే ఇంత పని చేసే జనాన్ని నేనెక్కడా చూడలేదు. పడమట నిలబడ్డ బులిరాజు మాత్రం గట్టున కూర్చుని, తడికలో కన్నాలున్నాయని వంక పెట్టాడు. ఉన్నాయి కూడా.

నమోదు 9

పలకలో ఖతీజా మేడం గొంతుతో కబురు వచ్చింది. నా ప్రాక్టికల్ చూడటానికి వస్తున్నారట. దారిలో ఉప్పు పండించుకునే అయిదు కుటుంబాల తెప్ప ఒకటి దక్షిణం నుంచి ఇటే వస్తోందట, దాని మీదే ఎక్కి వస్తారట. ఆ కుటుంబాలు తమ తెప్పను ఊగులంకకు కట్టుకుని ఇక్కడే ఉండిపోతామని అడుగుతున్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఎక్కువ. అక్కడ ఎదురెళ్ళి తాళ్ళు వేసి లాక్కురావాలి.

నాకు కావలసింది ఇదే. అసలైన విషయం, అసలైన మనుషులు, అసలైన తీర్మానం. దానితో పాటు చాన్నాళ్ళుగా కారుతున్న బడి కప్పు సంగతి కూడా ఇంకో కుండలో వేయిద్దామన్నాను. అందరూ ఆయ్ అన్నారు. రాత్రి పడుకుని ఉద్యోగంలో చేరాక మంచం ఏ గోడ వైపు వేసుకోవాలో ఆలోచించాను.

నమోదు 10

రెండు కుండలూ పగలగొట్టాం. అన్నీ గవ్వలే.

మళ్ళీ చెబుతున్నాను, అన్నీ గవ్వలే. కొత్తవాళ్ళను తెచ్చుకోవాలా? ఒక్క చిప్ప లేదు. బడి కప్పు వేయాలా? ఒక్క చిప్ప లేదు. తూము పక్కింటి ముసలమ్మ మాట, నూకరత్నం గారి మాట సమానంగా పడ్డాయి. కొత్తవాళ్ళొస్తే చేపలు చాలవని వారంగా గొణుగుతున్న బులిరాజు కూడా గవ్వే వేశాడు. చాటుగా అడిగితే మనిషిలోని మంచితనం బయటికొస్తుందని నేను మొదటి ఏడాది వ్యాసంలో రాశాను, అప్పుడు మేడం ఆ వాక్యం కింద ఎర్రగీత గీశారు. రేపు వస్తారు కదా, చూద్దాం.

నాకు ఎగిరి గంతేయాలని ఉంది. గంతేస్తే ఇల్లు ఊగుతుందని ఊరుకున్నాను. పలక కూస్తూనే ఉంది.

నమోదు 11

పొద్దున్నే అంచులు కోసి, జడ వేసుకుని, రేవుకు పరుగెత్తాను. రేవులో ఎవరూ లేరు. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. అరుగుల మీద మనుషులు తీరిగ్గా కూర్చుని చద్దన్నం తింటున్నారు.

"ఎదురుబోవాలి కదా, ఎవరూ కదలరేంటి?" అని అడిగాను.

"వెళ్తారండి" అన్నారు నూకరత్నం గారు.

"ఎవరు?"

"కాళ్ళు తడిసినోళ్ళు."

"ఎవరి కాళ్ళు తడిసినాయి?"

ఆవిడ నోట్లో ముద్ద ఆగిపోయింది. పక్కనున్నవాళ్ళ కాళ్ళ వైపు చూశారు, వాళ్ళు ఈవిడ కాళ్ళ వైపు చూశారు. "ఎవురియీ తడవలేదు కదండీ. కుండ పెట్టాం కదా" అన్నారు నెమ్మదిగా.

నాకు అప్పుడు అర్థమైంది. అరుగు మీద కూలబడ్డాను. తొట్టె మోసింది, గవ్వలు ఏరింది, తడిక అల్లింది ఎవరో నేను కళ్ళారా చూశాను, పలకలో చెప్పాను కూడా. ఈ ఊళ్ళో గెలిచినవాళ్ళ కాళ్ళు తడుస్తాయి, కాళ్ళు తడిసినవాళ్ళే ఆ పని చేస్తారు. వద్దన్నవాళ్ళు గెలిచినా అంతే, ఆ పని జరగని లోటును మోయాల్సింది వాళ్ళే. ఓడినవాళ్ళు పొడిగా కూర్చుని తప్పులు పట్టాలి, అదీ ఒక పనే. పుట్టినప్పటి నుంచి అంతే కాబట్టి ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకు తోచలేదు.

బులిరాజును అడిగాను. "మీరు గవ్వ యేంటికి వేసినారు? మీకు వాళ్ళు రావడం ఇష్టం లేదు కదా."

"కుండలో గవ్వెయ్యడానికి ఏం పోద్దండి. చీకట్లో చెయ్యెట్టి మంచోడినైపోయాను. ఇంత సుఖం ఎప్పుడూ లేదు" అన్నాడు నవ్వుతూ.

సరిగ్గా అప్పుడే పలకలో మేడం గొంతు వినిపించింది. "సుంకులమ్మా, మొగ దగ్గర మేట ఎక్కేశాం. ఇప్పుడింకా పోటు మీదుంది. పాటు వచ్చి నీళ్ళు తీసేస్తే తెప్ప నడుమ విరుగుతుందని ఇక్కడివాళ్ళు అంటున్నారు. చంటిపిల్లలు ఉన్నారు. మీ ఊరు తీర్మానం చేసిందన్నావు కదా, మనుషులు ఎందాకా వచ్చారు?"

ఇంతవరకు నా భయం మార్కుల గురించే. చంటిపిల్లలు అనేసరికి అది ఎటో పోయింది. ఏసుపాదం తాత దగ్గరకు పరుగెత్తి, "తాతా, బూర ఊదు" అన్నాను.

ఊరంతా తూకం తెప్ప దగ్గరకు వచ్చింది. పరిశీలకులు నిలబడాల్సింది నడుమ దుంగ మీద. నేను ఇన్నాళ్ళూ అక్కడే నిలబడ్డాను. ఇవాళ దిగి తూర్పు కొసకు నడిచాను. పలక ఆపకుండా కూసింది. కొసన ఒక్కదాన్నే నిలబడ్డాను. తెప్ప వెంట్రుకంత కూడా కదలలేదు.

జనం నవ్వారు. ఎగతాళిగా కాదు, నాకూ నవ్వొచ్చింది.

"కాకి వాలినట్టుందండి" అన్నాడు బులిరాజు పడమటి కొస నుంచి. ఇవాళ అతను నిజంగా ఉండాల్సిన చోట ఉన్నాడు. అతని పక్కన వలలవాళ్ళు కొందరు చేరారు. "అయిదిళ్ళోళ్ళొత్తే చేపలకి ఎక్కడికి పోతాం? అది చెప్పండి ముందు."

"వాళ్ళు ఉప్పు తెత్తారు. ఉప్పు లేక సగం చేప కుళ్ళిపోతంది కదా, అది చెప్పు నువ్వు" అన్నారు నూకరత్నం గారు. అంటూనే నడక మొదలుపెట్టారు. చంకలో మనవరాలు, చేతిలో చద్దన్నం గిన్నె. ఆవిడ అడుగు పడినప్పుడల్లా తెప్ప మూలిగింది. వెనక తూము పక్కింటి ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. దారిలో ఆగి పడమటి కొసనున్న తన కొడుకును పేరు పెట్టి పిలిచింది. వాడు తల గోక్కుంటూ వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. ఆవిడ మాటకు బరువు లేదని నేను తాతతో అన్నాను చూశారా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చల్లటి నీళ్ళు నా పాదాల మీదికి వచ్చాయి. తర్వాత చీలమండల మీదికి వచ్చాయి. ఉప్పునీళ్ళు తగిలి, పొద్దున కొడవలి గీసుకున్న చోట చురుక్కుమంది. ఇంత సంతోషం నాకు పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

తాత బూర ఊదాడు. పడవలు కదిలాయి.

బులిరాజు కూడా మా పడవ ఎక్కాడు. తెడ్డు ముట్టుకోలేదు. పొడికాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని, మొగ దాకా మా తప్పులు పడుతూనే ఉన్నాడు. మేట మీద ఉప్పువాళ్ళ తెప్ప ఒక పక్కకు వాలి ఉంది. మేము ముందు కొసకు తాడు కట్టబోతుంటే, "అక్కడ కాదండీ, అక్కడ కట్టి లాగితే ఊడొచ్చేత్తది, అడుగు దూలానికి కట్టండి" అని అరిచాడు. చూస్తే ముందు కొస పుచ్చిపోయి ఉంది. దూలానికే కట్టాం.

ఖతీజా మేడం చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, మేట మీదికి దిగి బురదలో నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే, "రా, పట్టు. నీ మౌఖిక పరీక్ష ఇక్కడే కానిద్దాం, మళ్ళీ నాకు తీరిక ఉండదు" అన్నారు. ఇద్దరం భుజాలు ఆనించి తోశాం.

"అధికారం అంటే ఏమిటి?"

"తోయడం మేడం."

"ప్రతిపక్షం అంటే?"

"అదిగో, పడవలో కూర్చుని అరుస్తాండాడే, ఆయన."

"ఆయన మాట వింటున్నారా?"

"యినబట్టే తాడు తెగలేదు మేడం."

మేడం నవ్వారు. నవ్వితే పట్టు జారి మోకాళ్ళ మీద పడ్డారు, లేచి మళ్ళీ భుజం ఆనించారు. "ఆఖరి ప్రశ్న. పరిశీలకురాలు ఏ పక్షమూ పట్టకూడదు. నీ కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"తడిసినాయి మేడం."

తెప్ప ఒక్కసారిగా మేట మీంచి జారి నీళ్ళలో పడింది, దాని మీదున్న పిల్లలందరూ కేరింతలు కొట్టారు.

నమోదు 12

ఉప్పువాళ్ళ తెప్పను బులిరాజు ఇంటి వెనక కట్టారు. వాళ్ళ మొదటి బస్తా ఉప్పు అతనికే ఇచ్చారు. వారం తిరిగేలోపు వాళ్ళ బెండు తన బెండుతో అల్లుకుపోతుందని అతను అప్పుడే గొణుగుతున్నాడు. కొడవలి మాత్రం బయటికి తీయలేదు.

నా మార్కుల సంగతి తేలాలి. తీర్మానం అమలైంది, కాని నియమం తప్పాను. ఇలాంటప్పుడు ఊరి మాట అడిగి నిర్ణయించమని మా శాఖ నిబంధనల్లో ఉందట. మేడం అడిగారు. పాసైతే రేపే తనతో అనంతపురం వస్తుందని, తప్పితే మరో ఏడు ఇక్కడే ఉంటుందని కూడా చెప్పారు.

"అయితే తెప్ప మీద తేలాల" అన్నాడు ఏసుపాదం తాత. "పాసనేవోళ్ళు తూరుపుకి, తప్పనేవోళ్ళు పడమరకి."

మేడం తూర్పుకు నడిచారు. బులిరాజు కూడా ఆవిడ వెనకే నడిచాడు. "ప్రశ్నలతో మా పేణాలు తోడేత్తందండి, పాసుచేసి పంపేయండి" అన్నాడు. నేను నడుమ దుంగ మీద నిలబడ్డాను. ఇక మిగతావాళ్ళు నడిచారు. నూకరత్నం గారు పడమరకు నడిచారు.

ఆవిడ వెనక తూము పక్కింటి ముసలమ్మ నడిచింది. వియ్యాలవారు, తోడికోడళ్ళు, ఏసుపాదం తాత, నిన్న వచ్చిన ఉప్పువాళ్ళు కూడా పడమరకే నడిచారు. ఊరంతా నన్ను తప్పించడానికే నిలబడింది.

"అత్తా, నేనేం తప్పు చేసినాను?" అని అడిగేశాను. ఆవిడను అత్తా అని పిలవడం అదే మొదటిసారి.

"తప్పేం లేదమ్మా. తప్పితే ఇంకో ఏడుంటావన్నారు కదా మీ మేడంగోరు" అంది. "తిండీ మాదే, పక్కా మాదే. ఉత్తినే అంటన్నామా? కాళ్ళు తడుపుకుని మరీ అంటన్నాం." ఆవిడ తన పాదాలు చూపించింది. అప్పటికే నీళ్ళు చీలమండలు దాటాయి.

తూర్పు కొస గాల్లోకి లేచింది. పైన మేడం, బులిరాజు ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మేడం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుతున్నారు. అంత ఎత్తున ఉంటే ఊరంతా కనిపిస్తుంది కదా, "ఆ బడి కప్పు ఎవరు చూడాలి?" అని అక్కడి నుంచే వంక పెట్టారు.

అనంతపురం గుర్తొచ్చింది. కదలని మంచం గుర్తొచ్చింది. అది ఎటూ పోదు, కదలదు కాబట్టి. దుంగ దిగి పడమరకు నడిచాను.

నమోదు 20

బడి కప్పు సంగతి మళ్ళీ తూకం తెప్ప మీద పెట్టాం. తూర్పున మేం కొద్దిమందిమే ఉన్నాం కాని, నూకరత్నమ్మత్త మాతో ఉంది. ఇవాళ కప్పు మీద కూర్చుని తాటాకు కడుతున్నాను. ఇక్కడి నుంచి చూస్తే మొగ దాకా నీళ్ళు మెరుస్తున్నాయి. కింద పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. నేను చాలా సంతోషంగా ఉన్నాను. పలక కూసింది. దాన్ని తీసి తాటాకుల మోపు మీద పెట్టాను.

కింద బులిరాజు పొడికాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "మూడో వరస వంకరగా ఉందండి అమ్మాయిగోరూ" అన్నాడు.

కిందికి వంగి చూశాను. వంకరగానే ఉంది. విప్పి మళ్ళీ కడుతున్నాను.